నాలుగో డబ్బా

"అంత వంగకే తల్లీ, పడిపోతావ్! ఆ అడ్డ ఊచ తుప్పు పట్టింది, పొద్దున నేను చూశాను. ఊడిందంటే నీతోపాటే కిందికొస్తుంది."

నా మాట పూర్తికాకముందే మా అమ్మాయి నడుం దాకా కిటికీ బయటికి వంగింది. చేతిలో డబ్బాని సన్‌షేడ్ కింద నీళ్ళ గొట్టానికి ఆనించి, పళ్ళతో పట్టుకున్న తాడు తీసి ముడులు వేస్తోంది. నేను దాని చొక్కా అంచు రెండు చేతులా గుప్పిట పట్టి, కాళ్ళు గోడకు తన్నిపెట్టి నిలబడ్డాను.

మంచం మీద మా ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొస్తుంది, దగ్గొస్తే ఆయాసం వస్తుంది. తెలిసీ నవ్వాడు.

"పడితే పడనీవే. కింద మీ లాండ్రీయేగా. నలుగురూ దుప్పటి పట్టుకుని నిలబడండి, సరిపోతుంది."

"మీకన్నీ వేళాకోళాలే. నా గుండె ఆగిపోయేలా ఉందిక్కడ."

"ఆగితే మంచి చోటే ఆగుతుంది. డాక్టరు పక్క వార్డులోనే ఉన్నాడు."

ఆ ఆసుపత్రిలో మాది పాత కాపురం. పందొమ్మిదేళ్ళుగా నేను అక్కడి లాండ్రీలో దుప్పట్లు ఉతికి ఆరేస్తున్నాను. ఆయన అంతకు ముందు నుంచే, మొత్తం ఇరవై ఎనిమిదేళ్ళు, అక్కడే లిఫ్టు నడిపాడు. ఒక స్టూలు, బొత్తాల వరస, మూసుకునే తలుపు. కిటికీ లేదు. బయట వానో ఎండో, ఎక్కేవాళ్ళ గొడుగులు చూసి తెలుసుకునేవాడు. ఊపిరితిత్తులు పాడై, నాలుగో అంతస్తులో కిటికీ పక్క మంచం ఇచ్చిన రోజు ఆయన చాలాసేపు బయటికే చూస్తూ కూర్చున్నాడు. "ఇన్నేళ్ళూ అందర్నీ గుమ్మం దాకా తెచ్చి దింపాను. లోపల ఇంత వెలుతురుందని ఒక్కడూ చెప్పలేదు చూడు," అన్నాడు.

ఆ డబ్బా సంగతి చెప్పాలి.

మా అమ్మాయి ఒక ఫొటో స్టూడియోలో పనిచేస్తుంది. అర్జీలకు అంటించే చిన్న చిన్న ఫొటోలు తీస్తుంది. రోజంతా మొహాలు తీసి తీసి దానికి మొహాలంటే విసుగు పుట్టిందో ఏమో, ఇంటికొచ్చాక వేరే పని పెట్టుకునేది. ఖాళీ కూల్‌డ్రింకు డబ్బాకి సూదితో బెజ్జం చేస్తుంది. లోపల గోడకు ఫొటో కాగితం చుట్టి పెడుతుంది. పైన మూత పెట్టి, నల్లటేపు చుట్టేస్తుంది. అంతే. అద్దం లేదు, నొక్కే బొత్తాం లేదు. ఆ డబ్బాని ఏ స్తంభానికో గోడకో కట్టేసి నెలల తరబడి వదిలేయడమే. ఆ బెజ్జంలోంచి వెలుతురు కొంచెం కొంచెంగా వెళ్ళి ఆ చోటు బొమ్మ కాగితం మీద దానంతటదే పడుతుందట.

మొదటిసారి మా డాబా మీద ఒకటి పెట్టి, నెల తర్వాత ఫొటో చేసి తెచ్చి చూపించింది. మా వీధే. కానీ మా వీధిలా లేదు. ఇళ్ళు ఉన్నాయి, స్తంభాలు ఉన్నాయి, రోడ్డు మాత్రం కడిగి పెట్టినట్టు ఖాళీగా ఉంది. ఆకాశం నిండా వెండి తీగలు వంపుగా లాగినట్టు గీతలు.

"ఇదేమిటే, మనుషులేరీ? ఊరంతా ఖాళీ చేయించావా?"

"కదిలేవేవీ పడవమ్మా. నెలంతా అలాగే చూస్తూ కూర్చుంటే చివరికి కదలనివే మిగులుతాయి."

"మరి నేను రోజూ డాబా మీదికెళ్ళి బట్టలు ఆరేస్తాగా?"

"నువ్వూ పడలేదు."

"బాగుందమ్మా. బతికుండగానే తుడిచేశావన్నమాట నన్ను."

"ఆ గీతలు చూడు. సూర్యుడవి. రోజుకొకటి. మబ్బు పట్టిన రోజు గీత తెగిపోతుంది. చలికాలంలో కింద పడతాయి, రోజులు పొడుగయ్యేకొద్దీ ఒకదాని మీదొకటి పైకెక్కుతాయి."

నాకు సగమే అర్థమైంది. కానీ దాని కళ్ళలో వెలుగు చూసి ఊరుకున్నాను. ఆ ఫొటో చూసి గ్రంథాలయం వాళ్ళు హాలిస్తామన్నారు. ఊళ్ళో ఎవరూ ఆగి చూడని తొమ్మిది చోట్ల తొమ్మిది డబ్బాలు పెట్టాలి, ఏడాదిలో అన్నిటికంటే పొట్టి రోజు నుంచి అన్నిటికంటే పొడుగు రోజు దాకా, ఆరు నెలలు. బస్సుల షెడ్డు వెనక గోడ, వంతెన కింది తూము, బడి డాబా, మా లాండ్రీ పొగగొట్టం, ఇలా. "మనం ఒక చోటుని ఒక్క నిమిషం చూసి చూశామనుకుంటాం. ఆర్నెల్లు చూస్తే అది ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు," అనేది.

వాళ్ళ నాన్న అడిగాడు, "నా కిటికీకి ఒకటి కట్టకూడదూ?"

అప్పటికి మూడు కట్టింది. అలా ఆయనది నాలుగోదైంది.

"అందులో నేను పడనుగా?"

"నువ్వు ఇవతల ఉన్నావుగా నాన్నా. నువ్వు చూసేది పడుతుంది."

"అదే మేలు. నా మొహం లిఫ్టులో చూసినవాళ్ళు చూశారు, చాలు."

ఆ తర్వాత ఆయనకు అదొక పని అయిపోయింది. సాయంత్రం ఎదురుగా ఉన్న గోదాము వెనక్కి ఎండ దిగిపోగానే, "ఇవాళ్టి గీత పడింది," అనేవాడు. మబ్బు పట్టిన రోజు, "ఇవాళ ముక్కలే," అనేవాడు. వార్డులో మిగతావాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. సిస్టరు మందులివ్వడానికొచ్చి, "ఎన్నయ్యాయి తాతగారూ?" అనేది. తాతగారంటే ఆయనకు కోపం. "నలభై ఒకటి. నువ్వు ఇంకోసారి తాతగారంటే చెప్పను," అనేవాడు.

అరవై మూడు అయ్యాయి. అరవై నాలుగో రోజు మధ్యాహ్నం, నేను కింద దుప్పట్లు పిండుతుండగా సిస్టరే వచ్చి పిలిచింది. పరుగెత్తి మెట్లెక్కాను. లిఫ్టు కోసం ఆగలేదు. ఆగినా ఒకటే, ఆగకపోయినా ఒకటే, నేను వెళ్ళేసరికే అయిపోయింది.

మా అమ్మాయి ఏడవలేదు. మా వాళ్ళంతా ఏడిచారు, లిఫ్టు ఎక్కి దిగిన డాక్టర్లు కూడా కళ్ళు తుడుచుకున్నారు, ఇది మాత్రం బిగుసుకుపోయింది. నాకు భయం వేసింది. లోపలే ఉండిపోతే ఏమవుతుందో అని. ఒకరోజు పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "ఏడవ్వే, ఒక్కసారి ఏడు," అన్నాను.

"ఇప్పుడు కాదమ్మా. ఆ కాగితం చూశాక."

"ఏ కాగితమే?"

"నాలుగోది. కింద అరవై మూడు నాన్నవి. వాటిపైన మిగతావన్నీ మనవి. నాన్న రోజులు ఎక్కడ ఆగాయో, మనవి ఎక్కడ మొదలయ్యాయో చూడాలి. అది చూసేదాకా నాకు నాన్న పోయినట్టు లేదు."

ఆ మాట నేను మర్చిపోలేదు. మర్చిపోయి చేసిన పనైతే కనీసం ఆ వంకైనా ఉండేది.

ఆ నాలుగు నెలలూ నేను పడిన భయం చెప్తే నవ్వుతారు. ఎవరైనా డబ్బా చూసి బాంబనుకుని పోలీసుల్ని పిలుస్తారేమో. కాకి లాక్కుపోతుందేమో. ఆ మంచం మీదికి కొత్తగా వచ్చిన రోగి చిరాకుపడి పీకి పారేస్తాడేమో. గాలికి తాడు తెగుతుందేమో. రోజూ దుప్పట్లు ఆరేసే పెరట్లోంచి తలెత్తి చూసేదాన్ని. సన్‌షేడ్ కింద నల్లగా, బొటనవేలంత కనిపించేది. అది కనిపిస్తే ఆ పూటకి ఊపిరి పీల్చుకునేదాన్ని. మాతో పనిచేసే ఇస్త్రీ అక్క, "దానికి కూడా దిష్టి తగిలేలా చూస్తున్నావు, కాస్త తల దించమ్మా," అనేది.

పొడుగు రోజు వచ్చింది. దానికి ముందే వానలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఆగకుండా కురిసింది. ఆ వానలోనే మా అమ్మాయి సైకిలు మీద తిరిగి తొమ్మిది డబ్బాలూ తెచ్చింది. తల నుంచి కాలిదాకా తడిసిపోయి వంటింట్లోకొచ్చి, గుడ్డసంచీని అరమీద పెట్టింది.

"వీటి జోలికి వెళ్ళకమ్మా. ఆదివారం స్టూడియోలో స్కానరు ఖాళీగా ఉంటుంది. అప్పుడే తెరుస్తాను."

"ఊఁ. ముందు తల తుడుచుకో, జ్వరమొస్తుంది."

నేను దాని తల గురించే ఆలోచిస్తున్నాను. జోలికి వెళ్ళకు అన్న మాటని, ఎక్కడో సర్దేయకు, కింద పడేయకు అన్న అర్థంలోనే తీసుకున్నాను. అది ఎప్పుడూ అనే మాటే. నా కత్తెర జోలికి వెళ్ళకు, నా పుస్తకాల జోలికి వెళ్ళకు.

మర్నాడు నాకు సెలవు. పొద్దున్నే అది స్టూడియోకి వెళ్ళిపోయింది. మూడు రోజుల తర్వాత ఎండ వచ్చింది, కళ్ళు చెదిరేలా. వంటింట్లో నేల తుడుస్తుంటే అర కింద చిన్న మడుగు కనిపించింది. పైకి చూస్తే గుడ్డసంచీ అడుగు నుంచి చుక్క చుక్కగా నీళ్ళు.

ఒక డబ్బా తీసి ఊపాను. లోపల నీళ్ళు గలగలమన్నాయి.

మీకు లాండ్రీ పని తెలియకపోతే ఇది అర్థం కాదు. తడి బట్టని మూసి పెట్టకూడదు. మా పనిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. ఆరీ ఆరని దుప్పటి మడతపెట్టి బీరువాలో పెడితే రెండో రోజుకి వాసన, మూడో రోజుకి నల్ల చుక్కలు, ఆ చుక్కలు ఇంక ఏ సబ్బుకీ పోవు. పందొమ్మిదేళ్ళు ఇదే చూశాను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. నాలుగు రోజులు ఆ నీళ్ళలో ఆ కాగితాలు నానితే?

మూడుసార్లు ఫోను చేశాను. ఎత్తలేదు. ఏవో పరీక్షల దరఖాస్తులట, స్టూడియో ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారని తర్వాత తెలిసింది.

ఇంకోటి కూడా చెప్పాలి, ఇది నా తెలివి. చాలా ఏళ్ళ కిందట అదే స్టూడియోకి దాని కోసం వెళ్ళినప్పుడు, వెనక గదిలో ఫొటోలు కడిగి, తీగకి క్లిప్పులు పెట్టి ఆరేసి ఉండటం చూశాను. అచ్చం మేం దిండు గలీబులు ఆరేసినట్టే. అది చూసి ముచ్చటపడ్డాను కూడా. మన పనీ వీళ్ళ పనీ ఒకటే అనుకున్నాను. కాబట్టి తడిసిన ఫొటో కాగితాన్ని ఏం చెయ్యాలో నాకు తెలుసుననుకున్నాను.

మొదటి డబ్బా టేపు విప్పాను. కాగితం ఉబ్బి, గోడకు అతుక్కుని, జిగురులా ఉంది. జాగ్రత్తగా తీసి తువ్వాలు మీద పరిచాను. రెండోది ఇంకా ఘోరం. మూడోది మూలన కుళ్ళింది కూడా. మూత మీద అంకె చూసి నాలుగో డబ్బా చేతిలోకి తీసుకున్నప్పుడు దేవుడా, దేవుడా అనుకుంటూ తీశాను.

అది పొడిగా ఉంది.

చుక్క నీళ్ళు లేవు. సన్‌షేడ్ కింద ఉండటం వల్లేమో. కాగితం బయటికి లాగితే కరకరలాడింది. వంటింటి మసక వెలుతురులో చూశాను. గులాబీ రంగు కాగితం మీద గోధుమరంగు చారలు, అడుగు నుంచి పైదాకా, దగ్గర దగ్గరగా. మా వీధి ఫొటోలో గీతలు వెండిలా మెరిసేవి. ఇవి అలా లేవు. బూజు చారల్లా ఉన్నాయి. అప్పుడే పట్టుకుందనుకున్నాను. పొడిగుడ్డతో ఒకసారి తుడిచాను. పోలేదు. లోపల చెమ్మ ఉండే ఉంటుంది, పైకి తెలియడం లేదనుకున్నాను.

అక్కడితో ఆగి ఉండొచ్చు. దాన్ని మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించి ఉండొచ్చు. ఎందుకైనా మంచిదని, నా జన్మంతా నేను చేసిన ప్రతి పనికీ ముందున్న మాట అదే, ఎందుకైనా మంచిదని దాన్ని కూడా మిగతావాటితో కలిపాను.

మిగిలిన ఐదూ విప్పి, తొమ్మిది కాగితాలూ డాబా మీదికి తీసుకెళ్ళి తీగకి వరసగా క్లిప్పులు పెట్టి ఆరేశాను. నాలుగోదాన్ని మధ్యలో, ఎండ బాగా తగిలే చోట. గాలికి మెల్లగా ఊగుతుంటే నిలబడి చూశాను. ఆయన పోయాక మొదటిసారి, ఆయన కోసం ఏదో ఒకటి చేయగలిగానని అనిపించింది. అబద్ధం ఎందుకు, సంతోషపడ్డాను.

గంట తర్వాత తిప్పి వేద్దామని వెళితే అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. వంకాయ తొక్క మాడిన రంగు. ఏ చారా లేదు, ఏ గోడా లేదు. ఆరితే రంగు ముదురుతుంది కదా అనుకున్నాను.

మా అమ్మాయి మధ్యాహ్నం వచ్చింది, నా ఫోన్లు చూసుకుని కంగారుపడి. కింద నేను కనపడకపోయేసరికి మెట్లెక్కి డాబా మీదికొచ్చింది. రొప్పుతోంది. "ఏమైందమ్మా, మూడుసార్లు..." అని, తీగ చూసి ఆగిపోయింది.

అరిచి ఉంటే బాగుండేది. ఆ తీగ వెంట ఒక్కో కాగితం దగ్గరా ఆగుతూ నడిచింది. ఒక్కోదాన్ని వెనక్కి తిప్పి పెన్సిలుతో రాసిన అంకె చూసింది. మధ్యలో ఉన్నదాని దగ్గర నిలబడిపోయింది. దాన్ని తీగ మీంచి తీయలేదు. ముట్టుకుంది, అంతే.

"ఇవి కడిగేవి కావమ్మా. ఆ బెజ్జంలోంచి తప్ప వీటికి వెలుతురు తగలకూడదు. తీసిన వెంటనే ఒక్కసారి స్కాను చేస్తే అదే బొమ్మ, అదొక్కటే, ఆ తర్వాత కాగితం నల్లబడిపోతుంది."

"నీళ్ళు కారుతున్నాయే. కుళ్ళిపోతాయని..."

నా వైపు తిరిగింది.

"ఇది కూడా తడిసిందా?"

ఒక్క క్షణం. దాని మొహం చూశాను. తడిసిందంటే ఎలాగూ పోయేదే అవుతుంది. నేను చేసినది తప్పు కాదు, ఆలస్యం మాత్రమే అవుతుంది. పొడిగా ఉందంటే...

"తడిసిందే. అన్నీ ముద్దయిపోయాయి. అది మరీనూ," అన్నాను.

అది తల ఊపింది. మెట్లు దిగి స్టూడియోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఒకరోజు, రెండు రోజులు కాదు. ముప్పై తొమ్మిది రోజులు. కోపంగా ఉండేది కాదు. పెట్టింది తినేది. గిన్నెలు కడిగేది. నేను తలనొప్పిగా ఉందని పడుకుంటే మాత్ర తెచ్చి నీళ్ళగ్లాసు పక్కన పెట్టి వెళ్ళేది. మాట మాత్రం లేదు. గ్రంథాలయం వాళ్ళకు ఫోను చేసి, "హాలు వేరేవాళ్ళకివ్వండి, నా దగ్గరేమీ లేవు," అని చెప్పింది. తలుపు చాటున నిలబడి విన్నాను. ఆ వారంలో దాని గొంతు విన్నది అదొక్కసారే.

ఇక నా భయాలు పూర్వంలా బయటి సంగతుల మీద లేవు. బాంబులూ లేవు, కాకులూ లేవు. అది డాబా ఎక్కితే వెనకే ఎక్కేదాన్ని. స్నానాల గదిలో కాస్త ఆలస్యమైతే తలుపు కొట్టేదాన్ని. లోపల నుంచి చెంబు చప్పుడు చేసేది, బతికే ఉన్నానన్నట్టు. ఏడుస్తుందేమోనని చెవి ఒగ్గి వినేదాన్ని. ఏడుపు కూడా వినిపించేది కాదు. ఏ కాగితం చూసి ఏడుద్దామని దాచుకుందో ఆ కాగితాన్ని నేను ఎండలో పెట్టాను. ఇంక ఏది చూసి ఏడుస్తుంది?

లాండ్రీలో ఇస్త్రీ అక్కకు చెప్పాను, తడిసిపోయాయనే చెప్పాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి నా భుజం మీద చెయ్యేసింది.

"నీళ్ళపాలైనవి ఎలాగూ దక్కవమ్మా. నువ్వు చేసిందేముంది? కన్నపిల్లేగా, నాలుగు రోజులు అలుగుతుంది, మళ్ళీ అమ్మా అంటూ వస్తుంది."

ఆవిడ అలా ఓదారుస్తుంటే నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. అబద్ధానికి దక్కే ఓదార్పు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ వాటితోనే చెప్పుకునేదాన్ని. పొడిగా ఉందే. అది పొడిగానే ఉందే. తలెత్తితే నాలుగో అంతస్తు కిటికీ పక్క గొట్టం మీద తాడు ముక్క ఒకటి ఇంకా వేలాడుతూ ఉండేది.

ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నం పని మధ్యలో అనుమతి అడిగి స్టూడియోకి వెళ్ళాను. గుర్తింపు కార్డుకు కొత్త ఫొటో కావాలని వంక. నిజంగా కావాలి కూడా, పాత కార్డులో ఫొటో చెమ్మకి పాడైంది. కానీ అసలు సంగతి అది కాదు. స్టూడియోలో వచ్చినవాళ్ళతో అది మాట్లాడాలి కదా. తల పైకెత్తండి, అటు చూడండి అని చెప్పక తప్పదు కదా. కనీసం అలాగైనా నాతో ఒక మాట అంటుందని.

యజమాని భోజనానికి వెళ్ళాడు. అదొక్కతే ఉంది. నన్ను చూసింది. ఒక్క క్షణం తడబడి, లోపలి గదిలోకి దారి చూపించింది. తెల్లటి పరదా ముందు స్టూలు. రెండు వైపులా గొడుగు దీపాలు. కూర్చున్నాను. దీపాలు వేసింది. కెమెరా వెనక నిలబడింది. నాకు తల ఎలా పెట్టాలో తెలియలేదు. అది దగ్గరికొచ్చి, రెండు వేళ్ళతో నా గడ్డం పట్టుకుని కొంచెం పైకెత్తి, భుజం మీద చీర అంచు సర్ది, మళ్ళీ వెనక్కి వెళ్ళింది.

ఒక్క మాట లేకుండా.

నెల పైన అయింది అది నన్ను ముట్టుకుని. ఆ రెండు వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"ఒక్క నిమిషం ఆగవే," అన్నాను.

అది కెమెరా మీద చెయ్యి అలాగే ఉంచి ఆగింది. దీపాల వెలుగులో నాకు దాని మొహం కనిపించడం లేదు. కెమెరా కన్ను ఒక్కటే కనిపిస్తోంది. బహుశా అందుకే చెప్పగలిగాను.

"అది తడవలేదే. నాలుగోది. చుక్క నీళ్ళు లేవందులో. కరకరలాడింది. మీ నాన్న గీతలన్నీ ఉన్నాయి, అడుగు నుంచి పైదాకా, నేను చూశాను. చూసి బూజనుకున్నాను. గుడ్డ పెట్టి తుడిచాను కూడా. ఆరెయ్యాల్సిన అవసరమే లేదు దాన్ని. ఎందుకైనా మంచిదని ఆరేశాను. నువ్వడిగినప్పుడు తడిసిందని అబద్ధం చెప్పాను. నువ్వు నన్ను వదిలేసి వెళ్ళిపోతావని భయమేసింది. మీ నాన్న రోజులు లోకంలో చూసినదాన్ని నేనొక్కదాన్నే, ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టలేదు. ఎక్కడ ఆగాయో చూడలేదు. నాకేమీ గుర్తు లేదు తల్లీ. చెప్పమన్నా చెప్పలేను."

దీపాలు సన్నగా గుయ్యిమంటున్నాయి. బయట ఎవరో తలుపు తోసి, "ఎవరూ లేరా?" అని అడిగి, కాసేపు ఉండి వెళ్ళిపోయారు. నా మెడ పట్టేసింది. అది ఎలా పెట్టిందో అలాగే ఉంచాను తలని. కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం దాకా వచ్చి మెడ మీదికి జారుతున్నాయి. తుడుచుకోలేదు. తుడుచుకుంటే అది మళ్ళీ వచ్చి సర్దాలి.

ఎంతసేపో తెలియదు. ఒక దీపం ఆపింది. తర్వాత రెండోది ఆపింది. ఆ చీకట్లోంచి మెల్లగా దాని గొంతు వచ్చింది, ఇన్ని రోజులు వాడకపోవడం వల్లేమో, కొంచెం బొంగురుగా.

"తెలుసమ్మా. కిటికీ నుంచి దాన్ని విప్పి తెచ్చింది నేనేగా. పొడిగా ఉందని అప్పుడే ఊపి చూసుకున్నా. నువ్వు నిజం చెప్పిన రోజు ఏదో ఒకటి తేలికవుతుందనుకున్నా. అవలేదమ్మా."